సీప్యాప్ మాస్కు నుంచి గాలి పోతోందా? పట్టీ బిగించే ముందు ఇవి చూడండి

నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నవారికి రాత్రంతా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషనే సీప్యాప్. అర్ధరాత్రి దాటాక మాస్కు అంచు నుంచి బుస్సుమని గాలి కంట్లోకి కొడుతుంది. నిద్రమత్తులోనే చెయ్యి తల వెనక్కి వెళ్ళి పట్టీని ఇంకాస్త లాగుతుంది. శబ్దం ఆగుతుంది. గంట తర్వాత మరోచోట మొదలవుతుంది. తెల్లవారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గీత, బుగ్గల మీద పట్టీల అచ్చులు, పిడచగట్టిన నోరు మిగులుతాయి. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే మిషను అటకెక్కుతుంది, గురక మళ్ళీ ఇంటికొస్తుంది.

ఇంత పొడుగు వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. గాలి ఎక్కడి నుంచి పోతోందో తెలియకుండా పట్టీ ముట్టుకోవద్దు. సైకిల్ షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూశాకే అతుకు వేస్తారు. మాస్కుకూ అదే వరస.

ఈ తంటా కొత్తదేమీ కాదు. 1980లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో కాలిన్ సలివన్ స్లీప్ ఆప్నియా రోగుల మీద ఈ పద్ధతిని మొదట ప్రయత్నించినప్పుడు, మాస్కును ముక్కుకు సిలికోన్ జిగురుతో అతికించవలసి వచ్చింది. గాలిని తోసే మోటారు కన్నా గాలిని నిలిపే మాస్కే కష్టమని అప్పుడే తేలింది. నలభై ఏళ్ళు దాటాక మోటార్లు పిల్లి అడుగుల్లా నిశ్శబ్దమయ్యాయి. ముఖాలు మాత్రం ఎవరివి వారివే.

మొదట: ఏది లీకు, ఏది కాదు

ప్రతి సీప్యాప్ మాస్కులోనూ కావాలని పెట్టిన సన్నటి రంధ్రాలుంటాయి. కొన్నింటిలో మోచేయిలా వంగిన ముక్క మీద, కొన్నింటిలో కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి భాగం) ముందు వైపున కనిపిస్తాయి. మీరు వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు వాటి గుండానే బయటికి వెళ్ళాలి. మాస్కును, ప్రెషర్‌ను బట్టి నిమిషానికి దాదాపు 20 నుంచి 50 లీటర్ల గాలి ఈ దారిలో పోతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు దీన్నే లీకు అనుకుంటారు. కొందరు ఆ రంధ్రాల మీద టేపు కూడా అంటిస్తారు. అది ప్రమాదం, ఎప్పుడూ చేయకూడదు. ఆ గాలి పక్కన పడుకున్నవారి మెడకు తగిలి ఇబ్బంది పెడుతుంటే, గాలిని చెదరగొట్టే రకం రంధ్రాలున్న మాస్కులు దొరుకుతాయి. వాటికి మారితే సరి.

అసలు లీకు అంటే కుషన్ అంచుకూ చర్మానికీ మధ్య నుంచి గానీ, నోటి నుంచి గానీ, గొట్టం అతుకుల దగ్గర గానీ పోయే గాలి. రాత్రి కాసేపు చిన్న లీకు ఉంటే కంగారు పడనవసరం లేదు. మిషన్లు కొంత లీకును సర్దుకుంటాయి. నిద్ర చెడనప్పుడు, కళ్ళు మండనప్పుడు, అంకెలు బాగున్నప్పుడు దాన్ని అలా వదిలేయడమే తెలివి. సున్నా లీకు కోసం తపించేవాళ్ళే ముక్కు మీద పుండు తెచ్చుకుంటారు.

మిషను ఏం చెబుతోందో చదవండి

ఉదయం లేవగానే తెరలో అంకెలు చూడడం అలవాటు చేసుకోండి. రెస్‌మెడ్ మిషన్లు మాస్కు రంధ్రాల నుంచి పోవలసిన గాలిని తీసివేసి, అనవసరంగా పోయినదాన్నే లీకుగా చూపుతాయి. అది రాత్రిలో 95 శాతం సమయం నిమిషానికి 24 లీటర్లలోపు ఉంటే ఆ కంపెనీ లెక్కలో సీలు బాగున్నట్టు. తెర మీద నవ్వు ముఖం వస్తుంది. ఫిలిప్స్ మిషన్లలో చాలావరకు రెండూ కలిపిన మొత్తం లీకు కనిపిస్తుంది, కాబట్టి అక్కడ 35 అని చూసి బెదిరిపోకండి. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చడం వల్ల వచ్చే భయాలు ఇన్నీ అన్నీ కావు.

మొత్తం అంకె కన్నా, లీకు ఏ వేళలో వచ్చిందన్నది ఎక్కువ పనికొస్తుంది. మిషనులో ఎస్‌డీ కార్డు ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాత్రి మొత్తం గీతను కంప్యూటర్‌లో చూడవచ్చు. పడుకున్న క్షణం నుంచే గీత ఎత్తుగా ఉంటే మాస్కు సైజు గానీ, పెట్టుకున్న తీరు గానీ తప్పు. పక్కకు తిరిగినప్పుడల్లా ఒక్కసారి లేచి పడుతుంటే దిండో గొట్టమో లాగుతోంది. తెల్లవారుజామున మూడు దాటాక పెరిగి, బల్లపరుపుగా చాలాసేపు అలాగే నిలిచిపోతే నోరు తెరుచుకుంటోందని అనుమానించాలి. కలలొచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. ఆ సమయంలో కండరాలు వదులై దవడ జారుతుంది. ఆప్నియా కూడా అప్పుడే ముదురుతుంది కాబట్టి ప్రెషర్‌ను తనంతట తానే మార్చుకునే ఆటో మిషను దాన్ని పెంచుతుంది. వదులైన దవడ, పెరిగిన ప్రెషర్ కలిస్తే లీకు రాకుండా ఉంటుందా?

పక్కన పడుకునేవారు ఉంటే వారిని అడగండి. వారిచ్చే సమాచారం గ్రాఫు కన్నా తక్కువేమీ కాదు. "నోరు తెరుస్తున్నావు, పెదవులు టపటపమంటున్నాయి" అన్నారంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే.

సాయంత్రం కడుగుడు

ఇది చిన్న పని. ఎక్కువ లాభం ఇచ్చేదీ ఇదే. చర్మం మీది జిడ్డు సిలికోన్ కుషన్‌కు అంటుకుంటే అది జారుతుంది, జారితే బిగించాలనిపిస్తుంది. రోజూ కుషన్‌ను గోరువెచ్చని నీళ్ళలో, పసిపిల్లల సబ్బులాంటి తేలికైన దానితో వేళ్ళతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సిలికోన్ పాడవుతుంది. స్పిరిట్, బ్లీచింగు, ఘాటైన క్రిమిసంహారక ద్రవాలు వద్దు. పట్టీలను వారానికోసారి చేత్తో ఉతికితే చాలు. కొత్తల్లో ఉన్న సాగుడు గుణం వాటికి కొంత తిరిగి వస్తుంది.

కుషన్ ఎంత ముఖ్యమో ముఖం కూడా అంతే. పడుకునే ముందు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోండి. మన ఇళ్ళలో రాత్రి తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళకు నూనె నుదుటి మీదికి జారుతుంది, పట్టీ కూడా వెనక్కి జారుతుంది. నూనె పెట్టుకునే రోజును తలస్నానం చేసే ఉదయానికి మార్చుకుంటే గొడవ ఉండదు. కోల్డ్ క్రీము తప్పదనుకుంటే కుషన్ తగిలే చోటు వదిలి రాసుకోండి. నుదుటి మీద ఆధారం ఉండే మాస్కయితే బొట్టుబిళ్ళ తీసేసి పెట్టుకోండి, దాని కింద చర్మం ఒరుసుకుంటుంది. ముక్కుపుడక ఉన్నవారిలో ముక్కును కప్పే మాస్కు సరిగ్గా ఆ రాయి దగ్గరే లేచిపోతుంటుంది. రాత్రి తీయడం ఇష్టం లేకపోతే చదునైన చిన్న పుడకకు మారడం ఒక దారి.

పడుకుని బిగించండి, కూర్చుని కాదు

దుకాణంలో కుర్చీలో కూర్చోబెట్టి, మిషను ఆన్ చేయకుండా మాస్కు పెట్టి "సరిపోయింది" అని పంపడం చాలాచోట్ల జరుగుతుంది. పడుకుంటే ముఖం కండ జారి ఆకారం మారుతుంది. ప్రెషర్ వస్తే మాస్కు ముఖం నుంచి దూరంగా తోసుకుంటుంది. ఈ రెండూ లేకుండా చూసిన కొలతకు అర్థం లేదు. ఇంట్లో ఇలా చేయండి.

1. రోజూ పడుకునే మంచం మీద, రోజూ వాడే దిండు మీద, రోజూ పడుకునే భంగిమలో పడుకోండి. పట్టీలన్నీ వదులు చేయండి.

2. మిషను ఆన్ చేయండి. ర్యాంప్ ఆపేయండి. ర్యాంప్ ఉంటే తక్కువ ప్రెషర్‌తో మొదలవుతుంది, అప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. లీకు మీరు నిద్రపోయాక మొదలవుతుంది. సీప్యాప్ ప్రెషర్ సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంటుంది. 5 దగ్గర నిలిచిన సీలు 12 దగ్గర నిలవాలని లేదు. ఎయిర్‌సెన్స్ లాంటి రెస్‌మెడ్ మిషన్లలో మాస్క్ ఫిట్ అనే సదుపాయం ఉంది. అది మూడు నిమిషాల పాటు ప్రెషర్ ఇచ్చి సీలు పరీక్షిస్తుంది. ఉంటే దాన్నే వాడండి.

3. మాస్కు ముందు భాగాన్ని పట్టుకుని ముఖం నుంచి కాస్త పైకి లేపి, మెల్లగా వదిలేయండి. చాలా కుషన్లలో లోపలి వైపు పలుచటి పొర ఒకటి ఉంటుంది. గాలి నిండితే అది ఉబ్బి చర్మానికి తనంతట తానే హత్తుకుంటుంది. సీలు పని ఆ పొరది. పట్టీల పని మాస్కును చోటు తప్పకుండా పట్టి ఉంచడం వరకే. గట్టిగా బిగిస్తే ఆ పొర నలిగి ముడతలు పడుతుంది, ముడతల సందుల్లోంచి గాలి పోతుంది. ఎక్కువ బిగించినకొద్దీ ఎక్కువ లీకు అనే వింత ఇక్కడ పుడుతుంది.

4. ఇప్పుడు కింది పట్టీలు రెండూ ఒకేసారి, రెండు చేతులతో, సమానంగా కొద్దిగా లాగండి. తర్వాత పైవి. ఒకవైపు బిగించి మరోవైపు వదిలేస్తే మాస్కు వంకరగా కూర్చుంటుంది. పట్టీ కింద ఒకటి రెండు వేళ్ళు ఇబ్బంది లేకుండా దూరాలి.

5. తల కుడికి, ఎడమకు తిప్పండి. నోరు కదపండి. గుటక వేయండి. తడిచేసిన వేలిని అంచు చుట్టూ తిప్పితే చల్లగా తగిలిన చోటే లీకు.

6. సరిపోయిన చోట పట్టీల మీద పెన్నుతో గీత పెట్టండి. మరుసటి రాత్రి నుంచి పట్టీలు విప్పకుండా, క్లిప్పులు తీసి మాస్కు పెట్టుకోండి. రోజూ కొత్తగా బిగించుకునేవాళ్ళకు రోజూ కొత్త లీకే.

ఒక రాత్రికి ఒక్క మార్పే చేయండి. మాస్కు, దిండు, తేమ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చోటును బట్టి చికిత్స

గాలి కళ్ళలోకి పోతుంటే మాస్కు పైభాగం లేస్తోందన్నమాట. మొదటి అనుమానం కింది పట్టీల మీద పెట్టుకోండి. అవి మరీ బిగుతైతే మాస్కు మీటలా తిరిగి పైన లేస్తుంది. వాటిని వదులు చేసి చూడండి. తర్వాతే నుదుటి పట్టీ. దాంతోనూ ఆగకపోతే కుషన్ పెద్దదై ఉండవచ్చు. కళ్ళు పొడిబారడం, ఉదయాన్నే ఎర్రబడడం ఈ లీకు చేసే హాని. కంటి చుక్కలతో సరిపెట్టుకుంటూ లీకును వదిలేస్తే లాభం లేదు.

బుగ్గల పక్కన, పెదవి మూలల్లో పోతుంటే ముఖమంతా కప్పే మాస్కుల్లో సాధారణంగా దవడ జారడమే కారణం. పై పళ్ళ సెట్టు రాత్రి తీసి పడుకునేవాళ్ళలో బుగ్గ లోపలికి కుంగి మాస్కుకు ఆధారం ఉండదు. పళ్ళు తీసి ఉన్నప్పుడే మాస్కు సైజు చూసుకోవాలి, లేదా ముక్కుకు మాత్రమే ఉండే మాస్కుకు మారాలి. పళ్ళు పెట్టుకుని పడుకోవడం మీద దంతవైద్యుడిని అడగండి.

మీసం, గడ్డం ఉంటే కుషన్ వెంట్రుకల మీద కూర్చుంటుంది, సందుల్లో గాలి పోతుంది. గడ్డం తీయాలని ఎవరూ శాసించలేరు కాబట్టి ముక్కు రంధ్రాల్లో కూర్చునే పిల్లో రకం మంచిది. అది మీసానికి పైనే ఆగిపోతుంది. అయ్యప్ప దీక్షలో 41 రోజులు గడ్డం పెంచేవారు, మొదటి వారం బాగానే ఉన్న మాస్కు రెండో వారం నుంచి మొండికేస్తే మిషనును తిట్టకూడదు. దీక్షలో నేల మీద పడుకోవడం వల్ల ఇంకో చిక్కు ఉంది. మిషను బల్ల మీద ఎత్తులో ఉండిపోయి, గొట్టంలో చేరిన నీళ్ళు కిందికి, అంటే ముక్కులోకి జారతాయి. మిషనును కూడా నేల మీదికి దించి, ధూళి పీల్చకుండా చిన్న పీట మీద పెట్టండి. ఫిల్టరు ఆ రోజుల్లో తరచూ చూడండి. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి వెనక పట్టీ మొదట వదులవుతుంది, నాలుగు రోజులకు మొలకెత్తిన వెంట్రుకలకు పట్టుకుని ఆగుతుంది. ఆ కొద్ది రోజులు గీతల ప్రకారం కాకుండా కొత్తగా సర్దుకోండి. జడ లేదా కొప్పు వేసుకునేవారు దాన్ని పట్టీల మధ్య ఖాళీలో ఉండేలా పైకో కిందికో కట్టుకోవాలి. పట్టీ కింద కొప్పు ఉంటే తల తిప్పిన ప్రతిసారీ మాస్కు కదులుతుంది.

గొట్టం అతుకుల దగ్గర పోతుంటే మాస్కును ఎంత సర్దినా ప్రయోజనం ఉండదు. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ నీళ్ళ పాత్ర సరిగ్గా లోపలికి నెట్టారా, దాని అంచు రబ్బరు చీలిందా, గొట్టంలో ఎలుక కొరికిన సన్నటి చిల్లు ఉందా చూడండి. పడుకున్నాక మిషను ఆన్ చేసి గొట్టం పొడవునా చెయ్యి ఆనించుకుంటూ పోతే తెలిసిపోతుంది.

నోటి లీకు: దీనికి కాస్త ఓపిక కావాలి

ముక్కు మాస్కు వాడేవారిలో చాలా ఫిర్యాదులకు మూలం ఇక్కడే ఉంటుంది. ముక్కులోంచి వెళ్ళిన గాలి తెరిచిన నోట్లోంచి బయటికి వస్తుంది. నోరు ఎండిపోతుంది, గొంతు మంట, దాహంతో మెలకువ. గాలి ఇలా ఒక దారిన జోరుగా పోతే ముక్కు లోపల ఎండి వాస్తుంది. వాస్తే ముక్కు మూసుకుంటుంది. మూసుకుంటే నోరు తెరుస్తాం. ఈ చక్రాన్ని ముక్కు దగ్గరే తెంచాలి.

పడుకునే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం చాలామందికి పనిచేస్తుంది. దానికి డిస్టిల్డ్ వాటర్ గానీ, బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళు గానీ మాత్రమే వాడాలి, కుళాయి నీళ్ళు ముక్కులోకి పోనివ్వకూడదు. ఎలర్జీ ఉంటే డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే క్రమంగా, వారాల మీద పనిచేస్తుంది. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, నిమిషంలో ముక్కు తెరిపించే చుక్కలను వరుసగా అయిదు రోజులకు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుంది. ముక్కు దూలం వంకర, పాలిప్‌లు (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు) ఉంటే ఈఎన్‌టీ డాక్టరు చూడవలసిందే.

తర్వాత తేమ. హ్యూమిడిఫయర్ స్థాయిని రాత్రికొక మెట్టు పెంచుతూ పోండి. ఏసీ గదిలో ఎక్కువ తేమ కావాలి. విశాఖ, కాకినాడ లాంటి కోస్తా ఊళ్ళలో ఏసీ లేకుండా పడుకుంటే చాలా తక్కువ సరిపోతుంది, కొన్ని నెలలు అసలు అక్కర్లేదు. పాత్రలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. పెట్రోలు బంకుల్లో అమ్మే బ్యాటరీ నీళ్ళు ఇందుకు కాదు.

అప్పటికీ నోరు తెరుచుకుంటే గడ్డం పట్టీ ప్రయత్నించవచ్చు. దవడ కిందికి జారేవారికి అది ఉపయోగపడుతుంది. దవడ మూసే ఉండి పెదవులు మాత్రం ఉబ్బి గాలి వదిలేవారికి ఉపయోగపడదు, డబ్బు దండగ. నోటికి టేపు అంటించుకునే వీడియోలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. డాక్టరు చూసి సరేననకుండా దాని జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. ముక్కు దిబ్బడ, వాంతులు, పులితేన్పులు ఉన్నవారికి, రాత్రి మద్యం తాగినవారికి, నిద్రమాత్రలు వేసుకునేవారికి అది నిజంగా ప్రమాదం.

చివరి దారి ముక్కు, నోరు కలిపి కప్పే మాస్కు. చివరిది అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర దీన్నే మొదట చేతిలో పెడుతున్నారు. చర్మానికి తగిలే అంచు పొడుగు పెరిగినకొద్దీ లీకయ్యే చోట్లూ పెరుగుతాయి. దాని పట్టీలు కొందరిలో దవడను వెనక్కి నెడతాయి. ముక్కు మాస్కుతో చాలిన ప్రెషర్ దీనితో చాలక పెంచవలసి రావచ్చు. ముక్కుతో ఊపిరి ఆడేవారు ముందు ముక్కు మాస్కునే పట్టుకోవాలి. ముక్కు ఎప్పుడూ మూసుకుని ఉండేవారికి మాత్రం ఇదే సరైనది.

సైజు సంగతి

"కొంచెం పెద్దది ఇవ్వండి, ఫ్రీగా ఉంటుంది" అని అడిగేవాళ్ళే ఎక్కువ. చెప్పుల కొలత ఇక్కడ పనికిరాదు. పెద్ద కుషన్ కళ్ళ వైపు, నోటి మూలల వైపు పాకి లీకవుతుంది. ముక్కు మాస్కయితే ముక్కును ఒత్తకుండా, అంచు ముక్కు రెక్కలను ఆనుకుని కూర్చునే అతి చిన్న సైజు సరైనది. కంపెనీలు కాగితం మీద అచ్చువేసుకునే కొలబద్దలు ఇస్తాయి, నూరు శాతం సైజులో అచ్చు తీయండి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియం కాదు. బరువు బాగా తగ్గినా పెరిగినా మళ్ళీ కొలవాలి.

కొనేటప్పుడు ఒకే డబ్బాలో రెండు మూడు సైజుల కుషన్లు వచ్చే రకం ఉందా అడగండి. వాడి చూసి మార్చుకునే వీలిచ్చే దుకాణం నాలుగు వందలు ఎక్కువ తీసుకున్నా మేలు.

దిండు, గొట్టం

పక్కకు పడుకునేవారికి దిండే సగం శత్రువు. దూది కుక్కిన గట్టి దిండు మాస్కును పక్కకు నెడుతుంది. ముఖం దిండు అంచు దాటి, మాస్కు గాల్లో వేలాడేలా పడుకోవడం నేర్చుకోండి. పలుచటి, చేత్తో ఒత్తి పల్లం చేసుకోగల దిండు చాలు. రెండు పక్కలా గాడి ఉన్న సీప్యాప్ దిండ్లూ దొరుకుతాయి. ఉంటే మంచిదే, లేకున్నా నడుస్తుంది.

గొట్టం బరువు మాస్కును లాగకూడదు. మంచం తలవైపు మేకుకో, కిటికీ ఊచకో మెత్తటి గుడ్డ ఉంగరంతో గొట్టాన్ని తల మీదుగా వేలాడదీస్తే తిరిగినప్పుడు వెంట వస్తుంది. దోమతెర ఉంటే గొట్టం పరుపు కింది నుంచి కాకుండా తెర పైమడత సందులోంచి రావాలి. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ ఉన్న గదిలో మిషను ఆ పొగనంతా పీల్చి మీ ముక్కులోకే తోస్తుంది. పొగ ఆరాకే ఆన్ చేయండి.

నొప్పి, ఒరిపిడి, నీళ్ళు, ఉబ్బరం

ముక్కు దూలం మీద ఎర్రబడిన చోటు లేచిన అరగంట తర్వాత కూడా పోకపోతే బిగింపు ఎక్కువైనట్టే. చర్మం చిట్లక ముందే పట్టీలు వదులు చేసి, ఆ చోటుకు తగలని రకం మాస్కుకు కొన్ని రోజులు మారండి. రెండు రకాల మాస్కులు మార్చి మార్చి వాడడం దీనికి మంచి మందు. జెల్ పట్టీ, గుడ్డ లైనరు సాయపడతాయి. లైనరు చెమటను కూడా పీలుస్తుంది, మే నెలలో దాని విలువ తెలుస్తుంది. పుండు పడితే, ముఖ్యంగా మధుమేహం ఉంటే, డాక్టరుకు చూపించండి.

గొట్టంలో గుడగుడలు, ముఖం మీద నీటి చుక్కలు అంటే తడి గాలి చల్లటి గొట్టంలో నీరవుతోంది. ఏసీ గాలి, ఫ్యాను గాలి గొట్టానికి నేరుగా తగలకుండా చూడండి. గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి లేదా వేడి గొట్టం కొనండి. మిషను తల కన్నా కిందే ఉండాలి.

కడుపు ఉబ్బరం, ఉదయాన్నే తేన్పులు ఉంటే గాలి మింగుతున్నారు. ప్రెషర్ ఎక్కువ కావచ్చు, లీకును పూడ్చడానికి ఆటో మిషను పెంచుకుంటూ పోవడమూ కావచ్చు. ప్రెషర్ డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. ఊపిరి వదిలేటప్పుడు గాలి ఎదురుకొడుతున్నట్టుంటే దాన్ని తగ్గించే సదుపాయం చాలా మిషన్లలో ఉంది, రెస్‌మెడ్‌లో ఈపీఆర్, ఫిలిప్స్‌లో సీ-ఫ్లెక్స్ అంటారు.

మాస్కు పెట్టగానే ఊపిరాడనట్టు భయం వేస్తే రాత్రి పోరాడవద్దు. పగలు టీవీ చూస్తూ ముందు మాస్కును చేత్తో పట్టుకుని, మరుసటి రోజు పట్టీలతో, ఆ తర్వాత మిషను ఆన్ చేసి కూర్చోండి. భయం తగ్గాకే మంచం.

అర్ధరాత్రి మెలకువ వస్తే

లైటు వేయకండి. పట్టీ లాగకండి. మిషను ఆన్‌లోనే ఉంచి, మాస్కును ముఖం నుంచి అంగుళం లేపి వదలండి. సగం సార్లు పొర మళ్ళీ ఉబ్బి సర్దుకుంటుంది. ఆగకపోతే చెమట తుడిచి ఇంకోసారి. అప్పటికీ ఆగకపోతే లీకున్న వైపు పట్టీ ఒక్క గీత మాత్రం. ఒకసారి బిగించాక మళ్ళీ బిగించవలసి వస్తే, ఇంక బిగించడం మాని అన్నీ వదులు చేసి మొదటి నుంచి పెట్టుకోండి. ప్రెషర్ బాగా పెరిగి ఉంటే మిషను ఆపి ఆన్ చేస్తే తక్కువ నుంచి మొదలవుతుంది.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద హ్యూమిడిఫయర్, వేడి గొట్టం ఆపేయండి. విద్యుత్తులో ఎక్కువ భాగం అవే తింటాయి. ముక్కు, నోరు కప్పే మాస్కులకు మిషను ఆగినప్పుడు బయటి గాలి వచ్చేందుకు కవాటం ఒకటి ఉంటుంది. కడిగినప్పుడల్లా అది అంటుకుపోకుండా తెరుచుకుంటోందా చూడండి.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి

అమెరికాలో మెడికేర్ బీమా ముఖమంతా కప్పే మాస్కు కుషన్‌ను నెలకోసారి, మాస్కును మూడు నెలలకు, పట్టీలను ఆరు నెలలకు మార్చుకోనిస్తుంది. అక్కడున్న మన పిల్లలు ఆ లెక్క చెప్పి ఇక్కడి తల్లిదండ్రులను కంగారు పెడుతుంటారు. సొంత డబ్బుతో కొనేవారు తేదీ చూడకుండా వస్తువును చూడవచ్చు. కుషన్ పసుపురంగు తిరిగి, గట్టిపడి, కడిగినా జిడ్డుగానే ఉంటే, అంచున చిన్న చీలిక కనిపిస్తే మార్చాలి. పట్టీ మునుపటి గీత దాటి బిగిస్తే తప్ప ఆగకపోతే సాగిపోయినట్టు. చాలాసార్లు పట్టీ మారిస్తే సరిపోయేదానికి మాస్కంతా కొంటారు.

అయస్కాంతపు క్లిప్పులున్న మాస్కుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు లేదా షంటు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు లాంటివి ఉన్నవారు వాటిని వాడకూడదని ఫిలిప్స్ 2022 సెప్టెంబరులో, ఆ తర్వాతి ఏడాది రెస్‌మెడ్ హెచ్చరించాయి. ఆ అయస్కాంతం ఇంప్లాంటుకు కనీసం 6 అంగుళాల దూరంలో ఉండాలి. పక్కన పడుకునేవారికి అలాంటి పరికరం ఉన్నా ఇది వర్తిస్తుంది. మాస్కు కొనేటప్పుడు దుకాణదారు అడగకపోయినా మీరే చెప్పండి.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో లీకు తగ్గకపోతే, ఏహెచ్ఐ అంకె (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 5 పైనే ఉంటుంటే, పగలు బండి నడుపుతూ కునుకు వస్తుంటే, కళ్ళు రోజూ ఎర్రబడుతుంటే నిద్ర వైద్యుడిని కలవండి. వెళ్ళేటప్పుడు మిషనులోని కార్డు, మాస్కు, పట్టీలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. అక్కడ బల్ల మీద పడుకుని, మీ మాస్కు మీరే పెట్టుకుని చూపించి, గాలి ఎక్కడ పోతోందో వేలితో చూపండి.